సభకు వచ్చిన సామాన్యుడు

“సమాజశాస్త్రం ఇక పుస్తకాల్లో మగ్గదు. జనంలోకి నడిచి వస్తుంది!” అని విద్యామంత్రిగారు ప్రకటించినట్టు చదివి, పేపరు మడిచి దేవుడి పటానికి దణ్ణం పెట్టుకున్నాను. బీఏలో మా అమ్మాయి మెయిన్ సబ్జెక్టు అదే మరి. ఆ చదువు ఎందుకూ అని ముక్కు విరిచిన చుట్టాలకి జవాబు దొరికింది.

మంత్రిగారు మాట మీద నిలబడే మనిషి. ఆ వారమే ఆర్డరు వచ్చింది. ఫైనలియర్ విద్యార్థులంతా ఆయన సభకు వెళ్లి, జనంలో కూర్చుని, పదిమంది సామాన్యుల్ని ఇంటర్వ్యూ చేయాలి. లేకపోతే ప్రాక్టికల్ మార్కులుండవు, ఏడాది పోయినట్టే.

సభ రోజు అమ్మాయి అన్నం డబ్బా మర్చిపోతే తీసుకెళ్లాను. హాలు కిక్కిరిసిపోయింది. మంత్రిగారి పార్టీ కార్యకర్త ఒకడు గుమ్మంలోనే మురిసిపోతున్నాడు.

“చూశారా బాబాయ్, క్రమశిక్షణ! మధ్యలో ఒక్కరు లేస్తే ఒట్టు. హాజరు తీసేది ఆఖర్న కదా!”

లోపల అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది.

“ఒక్కరూ దొరకలేదు నాన్నా.”

“హాలు నిండా జనమే కదమ్మా!”

“సభకెందుకొచ్చారని పక్కావిణ్ణి అడిగితే, ‘మిమ్మల్నీ అదే అడగబోతున్నా’ అంది. అందరూ మా సబ్జెక్టువాళ్లే నాన్నా. అన్ని కాలేజీలూ ఇక్కడే ఉన్నాయి.”

ముందు వరస కుర్రాడు వెనక్కి తిరిగాడు. “అంకుల్, మీదే కాలేజీ?”

“డబ్బా ఇద్దామని వచ్చాను బాబూ.”

“సామాన్యుడు!” అని కేక పెట్టాడు. అంతే, హాలు హాలంతా నామీద పడింది. వేదిక వైపు వీపులే మిగిలాయి.

“ఎవరయ్యా అక్కడ? ప్రతిపక్షమా?” మంత్రిగారి గొంతు మైకులోంచే వినిపించింది.

“కాదు సార్. జనం,” అని గుమ్మంలోంచి అరిచాడు కార్యకర్త.

“ఎంతమంది?”

“ఒక్కరే సార్.”

పిల్లలు తెలివైనవాళ్లు. ఎవరికి వాళ్లు నన్నే పదిమందిని చేసి రాసుకుని ఫస్టుక్లాసులో పాసయ్యారు. మా అమ్మాయి మాత్రం ఒక్కణ్ణే రాసింది.

“మిగతా తొమ్మిదిమంది ఏరమ్మా?” అన్నారట లెక్చరర్ గారు.

“రాలేదు సార్.”

ఏడాది పోయింది. అబద్ధం ఆడొద్దని నేర్పింది నేనే మరి.

ఇవాళ పేపర్లో మంత్రిగారి కొత్త ప్రకటన వచ్చింది: “వేలమంది సామాన్యులు అన్నం డబ్బాలు కట్టుకుని మరీ నా సభకు వచ్చారని శాస్త్రీయంగా తేలింది!”

పేపరు మడిచి దేవుడి ముందు నిలబడ్డాను. ఇంతమంది తరఫున ఏమని మొక్కుకోవాలో తోచలేదు.