ఏటవాలు అనే పేరు పుట్టిన విధం

ఆ ఉదయం గుమాస్తాగారి పథకం చాలా చిన్నది. పదకొండింటికల్లా కౌంటర్ ముందు వరస ఖాళీ చేసి, అద్దాల కొట్టుకు వెళ్ళి, విరిగిన కళ్ళజోడు బాగు చేయించుకుని, భోజనం వేళకు ఇంటికి చేరడం. జనన నమోదు కార్యాలయంలో ఆ కుర్చీలో ఆయన ముప్పైమూడేళ్ళుగా కూర్చుంటున్నారు. ఇన్నేళ్ళలో ఆయన రాసిన ఒక్క పేరు మీదా ఎర్ర సిరా దిద్దుబాటు పడలేదు. పదవీ విరమణకు ఇంకో పది నెలలుంది. ఆ పేరు నిలబెట్టుకుని ఇంటికి పోవాలన్నది తప్ప ఆయనకు వేరే ఆశల్లేవు.

అందాకా భార్య కళ్ళజోడు పెట్టుకుని వచ్చారు. "అది నా కళ్ళకి కొలిచిందండీ, జాగ్రత్త" అని ఆవిడ చెబుతూనే ఉంది. అందులోంచి చూస్తే అక్షరాలు బొద్దింకలంత కనిపిస్తున్నాయి గానీ, గీతలు మాత్రం ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటున్నాయి.

వరసలో మూడో మనిషి రొట్టెల దుకాణం యజమాని. మొదటిసారి తండ్రయ్యాడు, వారంగా నిద్రలేదు. అతను నింపిన కాగితంలో పేరు అన్నచోట "ఇంకా పెట్టలేదు" అనీ, నివాసం అన్నచోట "ఏటవాలు" అనీ ఉంది. కొండవైపు వీధి జారుడుబల్లలా కిందికి దిగుతుంది కాబట్టి దాన్ని అందరూ ఏటవాలు అనే పిలుస్తారు. గుమాస్తాగారు ముత్యాల్లాంటి దస్తూరీతో ధ్రువపత్రం రాసి, ముద్ర గుద్ది, చేతిలో పెట్టారు.

మర్నాడు తలుపు తీసేసరికి రొట్టెలాయన గుమ్మంలో ఉన్నాడు.

"మా బాబు పేరు ఏటవాలు అని పడిందండీ."

గుమాస్తాగారు సొంత కళ్ళజోడు సర్దుకుని చూశారు. పేరు: ఏటవాలు. నివాసం: ఇంకా పెట్టలేదు. దిద్దాలంటే అధికారిణికి లేఖ రాయాలి, అందులో కారణం చెప్పాలి. ముప్పైమూడేళ్ళ చరిత్ర చివర "మా ఆవిడ కళ్ళజోడు" అని ఎర్ర సిరాతో ఎక్కుతుంది.

"పడడమేంటండీ, అది పేరే" అన్నారు. ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు.

"పేరా?"

"చాలా పాత పేరు. ఈమధ్య ఎవరూ పెట్టుకోవడం లేదంతే. పుట్టినచోటు పేరు పెట్టుకున్నవాడు ఎక్కడికెళ్ళినా తప్పిపోడని పెద్దల నమ్మకం."

"అర్థం ఏంటండీ?"

"ఏటి ఒడిలో వాలినవాడు" అన్నారు గుమాస్తాగారు, వెనక్కి తగ్గే దారి లేక.

రొట్టెలాయన కళ్ళు చెమర్చాయి. ఆ వీధి చుట్టుపక్కల ఎక్కడా ఏరన్నదే లేదన్న సంగతి ఆ క్షణంలో ఇద్దరికీ తట్టలేదు.

"మరి నివాసం దగ్గర..."

"దానికేముంది, వేరే కాగితం రాసిస్తాను. అది చిన్న విషయం."

ఇంటి దగ్గర ఆ పేరు అద్భుతం చేసింది. రొట్టెలాయన తల్లి తన నాన్న పేరు పెట్టాలంటోంది, అత్తగారు తన నాన్న పేరంటోంది. వారంరోజులుగా వియ్యపురాళ్ళిద్దరికీ మాటల్లేవు. ఏటవాలు అనేసరికి రెండోవాళ్ళు గెలవలేదన్న తృప్తితో ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆ సంతోషంలో అతను దుకాణం ముందు ఆ పేరుతో పెద్ద బోర్డు రాయించాడు. రొట్టె కొనడానికి వచ్చిన గర్భిణులందరూ ఆ పేరూ, దాని అర్థమూ ఉచితంగా పట్టుకుపోయారు.

మూడో వారంలో కౌంటర్ దగ్గరికి ఇద్దరు ఏటవాళ్ళు వచ్చారు. రెండు నెలలు తిరిగేసరికి పదకొండు మంది అయ్యారు. టీకాల గదిలో నర్సు "ఏటవాలు" అని పిలిస్తే తల్లులందరూ ఒకేసారి లేచారు. ఒకడికి సూది రెండుసార్లు పడబోయి తప్పింది. పక్కనున్న నీళ్ళట్యాంకు వీధివాళ్ళకు ఉక్రోషం వచ్చింది. అక్కడి దర్జీ, "మా వీధికేం తక్కువండీ?" అంటూ కొడుకుకి నీళ్ళట్యాంకు అని పేరు రాసుకుని వచ్చాడు. గుమాస్తాగారు గంటసేపు బతిమాలితే, నీళ్ళు తీసెయ్యడానికి మాత్రం ఒప్పుకున్నాడు.

నెలవారీ జాబితా చూసి అధికారిణి ఆయన్ని పిలిపించింది.

"ఈ పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందండీ? మీరు కాకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? రెండు పేజీలు రాసివ్వండి."

ఆయన చెమటలు తుడుచుకుంటూ రాసిచ్చారు. ఒకప్పుడు ఏరుండేదనీ, తరవాత ఎండిపోయిందనీ, పేరు మాత్రం మిగిలిందనీ రాశారు. ఆవిడకు ఎంత నచ్చిందంటే, దాన్ని పత్రికకు పంపించింది. అచ్చయిన వారంలో, రొట్టెలాయన కొడుకు కాక, ఏటవాళ్ళ సంఖ్య ముప్పైనాలుగుకు చేరింది. ఎండిపోయిన ఏటిని చూస్తామంటూ కొందరు కెమెరాలు వేసుకుని ఆ వీధికి రావడం మొదలుపెట్టారు.

పదవీ విరమణ రోజున, పూలదండ ఇంకా బల్లమీదే ఉండగా, అల్లుడు కౌంటర్ దగ్గరికి వచ్చాడు. వెనకే గుమాస్తాగారి కూతురు, చేతిలో ఇరవైరోజుల బిడ్డ.

"మామయ్యగారూ, ఈ ఆఖరి పేరు మీ చేత్తోనే రాయాలండీ."

కాగితం మీద ఏమి ఉందో చూడగానే గుమాస్తాగారు లేచి నిలబడ్డారు. "వద్దమ్మా. అది పేరు కాదు. వీధి. నేను మీ అమ్మ కళ్ళజోడు పెట్టుకుని పొరపాటున రాశాను. ఏరూ లేదు, ఒడీ లేదు. అంతా నేను కల్పించాను."



"అయితే ఏంటి నాన్నా?" అంది కూతురు తాపీగా. "వాళ్ళది పొరపాటున పడిన పేరు. మేం ఇష్టపడి పెట్టుకుంటున్నాం."

అధికారిణి నెమ్మదిగా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "ఈ మాట ఇంకెక్కడా అనకండి. మా మనవడి పేరూ అదే. మా కోడలు మొదట్నుంచీ వద్దంటూనే ఉంది. నేనే పట్టుబట్టి పెట్టించాను."

సరిగ్గా అప్పుడే రొట్టెలాయన లోపలికి వచ్చాడు, ముఖం చిన్నబుచ్చుకుని.

"పేరు మార్చాలండీ. అరుదైన పేరని కదా మీరు చెప్పారు? ఇప్పుడు గుమ్మంలో నిలబడి పిలిస్తే ఆరుగురు పాకుతూ వస్తున్నారు."

తండ్రి కోరి మార్పించుకునే పేరుకు ఎర్ర సిరా అక్కర్లేదు. అధికారిణి నిలబడే నీలి సిరాతో సంతకం చేసింది. రొట్టెలాయన ఎవరూ పెట్టుకోని పేరేదో రాయించుకుని తృప్తిగా వెళ్ళిపోయాడు. గుమాస్తాగారు రాసిన ఒకే ఒక్క తప్పు అలా పుస్తకంలోంచి మర్యాదగా తొలగిపోయింది. దాన్ని చూసి పెట్టుకున్న ముప్పైనాలుగూ ఒప్పులుగా మిగిలాయి.

కూతురు బిడ్డను ఆయన చేతికిచ్చింది. వాడు తాతగారి చూపుడువేలు గట్టిగా పట్టుకున్నాడు. ఆయన కాసేపు ఆ గుప్పెటనే చూసి, ఇక పెనుగులాడక, ఎడంచేత్తో వాణ్ని పొదువుకుని కుడిచేత్తో ముప్పైఅయిదో ఏటవాలును ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు.

వాడికిప్పుడు నాలుగేళ్ళు, తాతగారు వాణ్ని ఇప్పటికీ "ఒరేయ్ బాబూ" అనే పిలుస్తారు.