శివమ్మకు యవ్వనం మంజూరు

జిల్లాలో ముసలివాళ్లు అవసరానికి మించి పెరిగిపోయారని, వీళ్లిలాగే బతుకుతూ పోతే బడ్జెట్ తట్టుకోలేదని ప్రభుత్వం గుర్తించింది. వెంటనే సంగారెడ్డిలో పింఛన్ల పునఃపరిశీలన శిబిరం పెట్టింది. మూడో అంతస్తులో. లిఫ్టు అధికారులకు మాత్రమే.

పోతిరెడ్డిపల్లి శివమ్మకు డెబ్బై మూడేళ్లు. సగం జీవితం నాట్లేసింది. ఆ పొలాల్లో ఫ్యాక్టరీలు లేచాక వాటి వాకిళ్లు ఊడ్చింది. ఇప్పుడు పింఛనుతోనే బీపీ మాత్రలు కొంటుంది. పక్కింటి పోశమ్మను వెంటబెట్టుకుని పొద్దున్నే శిబిరానికి వచ్చింది. మోకాళ్ల నొప్పులతో పోశమ్మ మెట్ల కిందే కూలబడింది.

"నా కాయితం గూడ నువ్వే సూపెట్టు అక్కా" అంది.

శివమ్మ గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగి, అరగంటకు పైకి చేరింది. పరిశీలనాధికారి నరసరాజుగారు లేచి చప్పట్లు కొట్టారు.

"మూడంతస్తులు ఎక్కినవారిని వృద్ధులనడం వారి శక్తిని అవమానించడమే. ఈ ప్రభుత్వం ఆ అవమానాన్ని సహించదు. మీ పింఛనును సగౌరవంగా రద్దు చేస్తున్నాం."

"మరి పోశమ్మ, సారూ? ఎక్కలేక కింద కూసున్నది."

"గైర్హాజరు. రద్దు."

శివమ్మ రెండు కాయితాలూ బల్ల మీద పెట్టింది. "ఎక్కితె పడుసుదాన్ని, ఎక్కకుంటె రానిదాన్ని. మరి ముసలోళ్లు ఎవలు సారూ?"

"ఇంతవరకు ఎవరూ దొరకలేదమ్మా" అని ఆయన వినయంగా చెప్పి, ఆమె చేతిలో దేహదారుఢ్య ధ్రువపత్రం పెట్టారు.

మర్నాడు శివమ్మ ఆ పత్రం పట్టుకుని సుల్తాన్‌పూర్‌లో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గరికి పోయి ఊడ్చే పని అడిగింది. సూపర్‌వైజర్ పత్రం చదివి, ఆమె మొహం చూశాడు.

"నలభై ఐదు దాటితె తీసుకోమవ్వా. ముసలోళ్లకు ఈడ పని లేదు."

"గదే రాసియ్యి బిడ్డా."

అతను రాసి, ముద్ర కూడా వేసి ఇచ్చాడు. శివమ్మ ఆ కాగితంతో మళ్లీ మూడంతస్తులు ఎక్కింది. నరసరాజుగారు చదివి చలించిపోయారు. పని దొరకనివారు నిరుద్యోగ యువత కిందికి వస్తారని, ఆ విభాగం నాలుగో అంతస్తులో ఉందని దారి చూపించారు.

శివమ్మ పైకి పోలేదు. కిందికీ దిగలేదు. మెట్ల మీదే కూర్చుంది.

"దిగవమ్మా" అన్నాడు బంట్రోతు.

"దిగితె గూడ ఏదో ఒకటి రాస్తరు" అంది.

సాయంత్రం దాకా కదల్లేదు. ఎవరో ఫొటో తీశారు. మర్నాడు పేపర్లో ఆ ఫొటో కింద 'శిబిరంలో సేదదీరుతున్న మహిళ' అని, పైన 'ఖజానాకు ఊరట' అని వచ్చింది. మన పన్నులు వృథా కావడం లేదని చదివినవాళ్లమంతా సంతోషించాం. మనకింకా అరవై రాలేదు.