కాలరక్క కాలు

కార్మిక మంత్రిగారు ప్రకటించేశారు. ఇకమీదట కార్మికుడు ఇంటి గడప దాటిన క్షణం నుంచి ఫ్యాక్టరీ గేటు దాటేదాకా దారిలో ఏ దెబ్బ తగిలినా అది పనిలో తగిలిన దెబ్బే, నష్టపరిహారం ప్రభుత్వం ఇస్తుంది. ఇంత దయగల ఆలోచన ఆయనకు కారులో వస్తుండగా తట్టిందట. ఎదురొచ్చే బళ్లన్నీ ఆపేయించడంతో ఆలోచించుకునే తీరిక దొరికిందని ఆయనే సెలవిచ్చారు.

చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే ఆవిణ్ణి అందరూ కాలరక్క అంటారు. పేపర్లో ఆ ప్రకటన చదివి ఆవిడ మనసారా సంతోషించింది. ఆ వారంలోనే డ్యూటీకి వెళ్తూ బస్సు దిగబోతుంటే డ్రైవరు తొందరపడ్డాడు. కాలు విరిగింది. పని మాట ఎత్తావంటే ఎముక వంకరగా అతుక్కుంటుంది, కదలకుండా పడుకో అన్నాడు కట్టు వేసిన డాక్టరు. పడుకుంటే ఇల్లెలా గడుస్తుంది? పరిహారం ఉందిగా అని ధైర్యం చెప్పుకుని, తమ్ముడి భుజం పట్టుకుని కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్లింది.

అక్కడి ఆఫీసరుగారికి ప్రభుత్వ సొమ్మును సొంత సొమ్ములా చూసుకుంటాడని పేరు.

"ఎక్కడికి వెళ్తుంటే పడ్డావమ్మా?"

"పనికండి."

"చేరింది ఎక్కడికి?"

"ఆస్పత్రికండి."

"మరి పనికే బయల్దేరావని ఎలా నమ్మమంటావు?"

తమ్ముడికి ఒళ్లు మండింది. "కాలు విరిగాక ఫ్యాక్టరీకి ఎవరెళ్తారు సార్?"

"చిత్తశుద్ధి ఉన్నవాళ్లు వెళ్తారు," అన్నాడు ఆఫీసరు శాంతంగా. "హాజరు పడితేనే రుజువు. రూలు నేను రాయలేదు నాయనా, చదివానంతే."

మర్నాడు తమ్ముడు అక్కను మోసుకెళ్లి గేటు దాటించాడు. ఆవిడ వేలిముద్ర వేసింది. వేసింది కదా అని సూపర్‌వైజరు మిషను ముందు కూర్చోబెట్టాడు. కట్టుకాలితో పెడలు తొక్కుతుంటే ప్రాణం పోయినంత పనైంది.

సాయంత్రం మళ్లీ ఆఫీసుకి వెళ్తే ఆఫీసరు పొంగిపోయాడు. "పనికి చేరావుగా! చేరావంటే దారిలో ఏమీ కానట్టే. ఇక పరిహారమెందుకు?"

కాలరక్కకు ఏడుపొచ్చింది. ఆఫీసరుగారి మనసు కూడా కరిగింది.

"ఏడవకమ్మా. మంత్రిగారు త్వరలో సభ పెడుతున్నారు. నాగా పెట్టని కార్మికురాలివని నిన్ను స్టేజీ ఎక్కిస్తాను. నీ గోడు ఆయనకే చెప్పుకో. అప్పటిదాకా నాగా మాత్రం పెట్టకు."

పెట్టలేదు. సభనాటికి డాక్టరు చెప్పినంతా అయింది. కాలు వంకరగానే అతుక్కోవడం మొదలుపెట్టింది.

పథకం వచ్చాక దారి ప్రమాదం ఒక్కటీ రుజువు కాలేదని, మన రోడ్లు అంత భద్రంగా తయారయ్యాయని మంత్రిగారు గర్వంగా చెప్పారు. కాలరక్కను పిలిచారు. ఆవిడ తమ్ముడి ఆసరాతో కుంటుకుంటూ మెట్లెక్కింది. మంత్రిగారు ఆప్యాయంగా వంగి చూశారు.

"కాలికేమైందమ్మా?"

ఆవిడ నోరు తెరిచేలోగా ఆఫీసరు మైకు అందుకున్నాడు. "పుట్టుకతోనే సార్."

"ఆ కట్టు కూడానా?"

"కట్టు కూడా సార్."

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. "పాపం," అన్నారు. "అయితే మన శాఖ కాదన్నమాట."