గేరు నూనెలో తళుకులు

మా ఆవిడకు ఉద్యోగం వచ్చిన రోజున ఇంట్లో అందరికంటే ఎక్కువ సంతోషించినట్టు కనిపించింది నేనే. ఇంట్లో ఉండేది ఇద్దరమే కాబట్టి ఈ పోటీలో గెలవడం పెద్ద కష్టమేమీ కాలేదు.

కొండ మీద ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్. పెళ్లికి ముందు నుంచీ ఆవిడ చేసిన పనే. అమ్మాయి పుట్టాక మానేసింది. అమ్మాయి హాస్టల్లో చేరాక మళ్లీ దరఖాస్తులు పెట్టింది. పంతొమ్మిదేళ్ల తర్వాత ఉత్తరం వచ్చింది. సోమవారం తొమ్మిదింటికల్లా చేరాలి, చేరకపోతే ఆ ఉద్యోగం జాబితాలో తర్వాతి మనిషికి పోతుంది అని ఆఖరి వాక్యం. ఆ వాక్యాన్ని నేను మూడుసార్లు చదివాను. ఇంట్లో కూర్చుని పుస్తకాల ప్రూఫులు దిద్దుకునేవాణ్ని, ఎక్కడ సందు దొరుకుతుందా అని నా కళ్లు వాటంతటవే వెతుకుతాయి.

ఆ కొండకు బస్సు లేదు. ఉన్నది ముప్పై రెండు వంపుల మట్టిరోడ్డు. అందుకని ఆవిడ ఒకరు వాడిన ఫోర్ వీల్ డ్రైవ్ జీపు కొన్నది. నాలుగు చక్రాలనూ ఇంజనే తిప్పే రకం. తాళం తిప్పగానే అది ముందు దగ్గి, గొంతు సవరించుకుని, కాసేపు ఆలోచించి అప్పుడు మాట్లాడేది. దానికి తాతగారు అని పేరు పెట్టాను.

"మెకానిక్కిచ్చేద్దామండీ," అంది ఆవిడ. "ట్యూనప్పు, ఆయిళ్లు మార్చడం అన్నీ రెండ్రోజుల్లో చేసిస్తాడట."

"మెకానిక్కెందుకు? నేన్లేనూ?"

ఆవిడ నా వైపు చూసింది. ఆ చూపులో మా వంటింటి కుళాయి, మిక్సీ, గోడ గడియారం, నా చేతి వైద్యానికి కన్నుమూసినవన్నీ వరసగా నడిచి వెళ్లాయి.

"సరే," అంది. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నేను అనుమానించాల్సింది.

నా పథకం మీకు చెప్పడానికి సిగ్గేస్తోంది గాని చెప్పేస్తాను. రెండు రోజుల పనిని పన్నెండు రోజులు సాగదీయాలి. ఈలోగా సోమవారం దాటిపోవాలి. ఎందుకయ్యా అంటే, ఆ వంపులు తలచుకుంటే నాకు భయం. ఇది పదిమందిలో చెప్పుకోగల కారణం. రెండోది చెప్పుకోలేనిది. పొద్దున్న పదకొండింటికి ఒక మనిషి నా గది గుమ్మంలోకొచ్చి "ఇంకా ఎన్ని పేజీలు?" అని అడుగుతుంది. అలా ఎవరూ వచ్చి అడగని పదకొండింటిని ఊహించుకోవడం నావల్ల కాలేదు.

గురువారం పని మొదలుపెట్టాను. నా ఖర్మ కొద్దీ అది చక్కగా సాగింది. ఇంజను ఆయిలు దించి కొత్తది పోశాను. ఫిల్టర్లు మార్చాను. స్పార్కు ప్లగ్గులు నాలుగూ మార్చాను. రేడియేటర్లో తుప్పునీళ్లు పోయి కొత్త కూలెంటు వచ్చింది. పాడుచెయ్యాలని కూర్చున్నవాడికి పని ఇంత బాగా కుదరడం ఎక్కడైనా ఉందా?

బ్రేకు ఆయిలు మార్చడానికి మాత్రం ఇద్దరు కావాలి. ఒకరు పెడలు తొక్కుతుంటే ఇంకొకరు చక్రం దగ్గర గాలి వదలాలి. ఆవిడ సీట్లో కూర్చుంది. నేను కింద పడుకున్నాను.

"తొక్కు."

"తొక్కాను."

"పట్టుకో."

"పట్టుకున్నా."

"ఇక వదులు."

"ఇన్నేళ్లూ తొక్కి పట్టుకునే ఉన్నాను. ఇప్పుడు వదలమంటున్నారు, గుర్తుంచుకోండి," అంది నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

సాయంత్రానికి తాతగారు దగ్గడం మానేశాడు. నాకు దిగులు పట్టుకుంది.

శుక్రవారం వెనక చక్రాల మధ్య గుండులా వేలాడే డిఫరెన్షియల్ మీద పడ్డాను. దాంట్లో గేర్లుంటాయి, వాటికో నూనె ఉంటుంది. కింది మూత విప్పి నూనె పళ్లెంలోకి దించాను. తర్వాత అటక మీది పాత అల్యూమినియం గిన్నె మూతను దించి, దాని అంచును ఆకురాయితో రాకి, ఆ పొడిని నూనెలో కలిపాను. నల్లటి నూనెలో తళుకులు తేలాయి. ఆవిణ్ని పిలిచాను.

"చూశావా? గేర్లు అరిగిపోయాయి. ఇలాంటి బండిలో కొండెక్కితే అంతే సంగతులు. విప్పించాలి. రెండు వారాలైనా పడుతుంది."

ఆవిడ పళ్లెం మీదకి వంగి చాలాసేపు చూసింది.

"కాస్త సీసాలో పోసివ్వండి."

"దేనికి?"

"ఊరికే. శాంపిల్ చూసి చాలా ఏళ్లయింది కదా."

సీసా తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఏడవలేదు, కసరలేదు. నేను గెలిచాను. భోజనం మాత్రం సహించలేదు.

శనివారం పొద్దున్న వెనక గదిలో కుట్టుమిషన్ చప్పుడు వినిపించింది. తొంగి చూశాను. ఆవిడ తన పాత తెల్ల కోటు కుట్లు విప్పి పక్కలు వదులు చేసుకుంటోంది. మధ్యలో ఆపి, అద్దం ముందు తొడుక్కుని, గుండీలు పెట్టుకుని, జేబులో చేతులు పెట్టి నిలబడింది. ఆ నిలబడటంలో నాకు తెలియని మనిషి ఒకావిడ ఉంది. నేను ఆవిణ్ని ఎప్పుడూ చూడనే లేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

వెంటనే కొత్త గేరు నూనె డబ్బా పట్టుకుని జీపు కింద దూరాను. కింది మూత బిగించాను. నూనె పోసే మూత పైన, పక్కగా ఉంటుంది. తిప్పితే రాలేదు. బలం కొద్దీ తిప్పితే రెంచి జారి మూత అంచులన్నీ గుండ్రంగా అరిగిపోయాయి. పాత నూనె బయట, కొత్త నూనె డబ్బాలో, మధ్యలో నేను. నిన్న నేనాడిన అబద్ధం ఇవాళ నిజమై కూర్చుంది. ఈ బండి సోమవారం కదలదు.

మా వీధి చివర గ్రీజు బాబాయ్ ఉంటాడు. నలభై ఏళ్లు లారీ షెడ్డు నడిపి మానేసినా గోళ్లలో నలుపు మానలేదు. ఆయన దగ్గరికి పరుగెత్తాను.

"ముందు ఏ మూత విప్పావు?" అన్నాడు.

"కిందిది."

"పోసే మూత వస్తుందో రాదో చూడకుండా దించే మూత విప్పావా! షెడ్లో కొత్తగా చేరినవాడికి మొదటిరోజు నేర్పే ముక్కరా అబ్బాయ్ ఇది."

నేను తల దించుకున్నాను. ఆయన సుత్తి, పెద్ద పైపు రెంచి సంచిలో వేసుకున్నాడు.

"పద. మీ ఆవిడ నిన్ననే వచ్చి చెప్పిందిలే."

"ఏమని?"

"సీసాకి అయస్కాంతం పెట్టి చూపించింది. 'బాబాయ్ గారూ, గేర్లు ఇనుము కదా, అరిగితే పొడి అంటుకోవాలి. ఇది అంటుకోవట్లేదు. అటక మీద మా గిన్నె మూతకి మాత్రం అంచు లేదు' అంది. ల్యాబు మనిషి దగ్గరా నీ దొంగ శాంపిల్?"

దారంతా ఆయన సంచి నేనే మోశాను.

మేం వెళ్లేసరికి ఆవిడ గోనెసంచి పరుచుకుని జీపు కింద పడుకుని, నేను అరగ్గొట్టిన మూతను చూస్తోంది. బయటికి పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. బాబాయ్ సుత్తి అందించి, స్టూలు మీద కూర్చుని ఎక్కడ కొట్టాలో చెబుతున్నాడు, ఆవిడ కొడుతోంది. నన్ను దీపం పట్టుకోమన్నారు.

"ఎప్పుడు తెలిసింది?" అన్నాను పాదాలతో.

"చూడగానే. గేరు పొడి నల్లగా బురదలా ఉంటుందని బాబాయ్ గారు తర్వాత చెప్పారు గాని, అంత అందంగా ఉన్నప్పుడే అనుమానమొచ్చింది."

"మరి అడగలేదేం?"

"మీరే చెప్తారేమోనని చూస్తున్నా."

చెప్పేశాను. రోడ్డంటే భయమని చెప్పాను. ఇంట్లో ఒక్కణ్ణే ఉండటమంటే ఇంకా భయమని కూడా చెప్పాను. బాబాయ్ మర్యాదగా టైరు వైపు తిరిగి దాన్ని పరీక్షించసాగాడు. కింద సుత్తి చప్పుడు ఆగింది.

"నాకు లేదనుకున్నారా భయం?" అంది ఆవిడ. "మైక్రోస్కోపులో చూసి తప్పు చెప్తే రోగి ఏమైపోతాడోనని రోజూ అనుకుంటున్నా. నా భయం ఎవరికి చెప్పుకోను? మీరేమో గిన్నె మూతలు రాక్కుంటూ కూర్చున్నారు."

నేను దీపం ఆవిడ మొహం వైపు తిప్పాను.

"దీపం సరిగ్గా పట్టుకోండి," అంది. పైపు రెంచి ఒక్కసారి కిర్రుమంది. మూత ఊడొచ్చింది.

సోమవారం పొద్దున్న ఏడింటికి తాతగారు ఒక్క తాళానికే పలికాడు. తెల్ల కోటు వెనక సీట్లో మడతపెట్టి ఉంది.

"నేనూ రానా?"

"వద్దండీ. పక్కన కూర్చుని వంపు వంపుకీ లేని బ్రేకు తొక్కుతారు. మిమ్మల్ని చూసుకోనా, రోడ్డు చూసుకోనా?"

వెళ్లిపోయింది. నేను ప్రూఫులు ముందేసుకుని ఒకే పేజీ చదువుతూ కూర్చున్నాను. ఎనిమిదీ నలభైకి ఫోను మోగింది.

"చేరాను. బండి బాగా ఎక్కింది."

"జాగ్రత్తగా దిగు. సాయంత్రం మళ్లీ అదే రోడ్డు కదా, నాకు భయంగానే ఉంటుంది."

"భయపడండి, ఎవరొద్దన్నారు? నాలుగింటిదాకా భయపడి ఆ తర్వాత వంట మొదలుపెట్టండి. వచ్చేసరికి ఆకలిగా ఉంటుంది."

నాలుగింటిదాకా భయపడ్డాను. తర్వాత లేచి పొయ్యి వెలిగించాను.