సగం మందికే తేనె

ఆ శుక్రవారం పొద్దున డాక్టర్ కావ్య వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఏడింటికి నంద్యాలలో బస్సెక్కడం, ఆళ్లగడ్డలో హనుమంతయ్య వీపు మీది పుండు కొలవడం, మధ్యాహ్నానికి తిరిగొచ్చి ఐదు గంటల్లోపు థీసిస్ అప్పగించడం. అప్పగించకపోతే సర్జరీ పీజీ పరీక్షకు కూర్చోనివ్వరు. ఆరు నెలలు నీళ్లపాలు.

ఆమె పరిశోధన చీముగడ్డలు కోసిన పుండ్ల మీద. నలభై మంది రోగులకు చీటీలు తీసి, ఇరవై మందికి ల్యాబులో శుద్ధి చేసిన తేనె సీసాలిచ్చి, ఇంట్లో రోజూ పుండుకు పూసి కట్టు కట్టుకోమంది. మిగతా ఇరవై మందికి ఉత్త సెలైన్ కట్టు. తేనె పూసినవాళ్లకు ముందు మానాలి. లెక్క తీస్తే తేనె ఇవ్వనివాళ్లకే వారం ముందు మానింది. ల్యాబులో చూస్తే క్రిములు కూడా వాళ్ల పుండ్లలోనే తక్కువ. ఆమె గైడ్ జీవరత్నం గారు ఇరవయ్యేళ్లుగా తేనె గొప్పతనం మీద ఉపన్యాసాలిస్తున్న మనిషి. ఆ అంకెలు చూసి కావ్యకు కూడికలు రావని తేల్చేశారు. ఇక మిగిలింది తేనె జట్టులో చివరివాడు హనుమంతయ్య. ఒక్క మనిషితో సగటు తిరగబడదని తెలిసినా ఆశ చావదు కదా.

హనుమంతయ్య తన కిరాణా కొట్లోనే చొక్కా ఎత్తి వీపు చూపించాడు. కట్టు విప్పితే పుండు ఇంకా పచ్చిగానే ఉంది, తేనె జాడే లేదు. సీసా ఏదని అడిగితే ఆయన పెళ్లాం వైపు చూశాడు.

“సగం యాగంటి స్వామి అభిషేకానికి ఇస్తిమి. సగం ఈయన పొద్దున్నే నిమ్మకాయ నీళ్లలో తాగుతాండాడు,” అంది లక్ష్మీనరసమ్మ. “ల్యాబులో శుద్ధి చేసిందని నువ్వే చెప్తివి గదమ్మా. అంత మంచి తేనె పుండుకు పూస్తారా యాడన్నా?”

కావ్య అక్కడే స్టూలు మీద కూలబడి ఫోన్లు మొదలుపెట్టింది. పగిడ్యాల ఆదిలక్ష్మమ్మ తన తేనె మనవడి దగ్గుకు నాకించింది. నందికొట్కూరు ఏసయ్య రెండు రోజులు పూసి, చీమలు పడుతున్నాయని మానేసి, జొన్నరొట్టెలోకి వాడుకున్నాడు. మిగతావాళ్లదీ ఇదే కథ. తేనె జట్టు మొత్తం తేనె తినేసింది.

మరి రెండో జట్టుకు అంత తొందరగా ఎలా మానింది? ఆ సంగతి కొట్టు మెట్ల మీద కూర్చున్న శంకరయ్యకు తెలుసు. ఆయన నల్లమల చెంచుగూడెం మనిషి, హనుమంతయ్యకు తేనె తెచ్చి అమ్ముతాడు. ఆయనా కావ్య రోగే, తేనె చీటీ రానివాడు. తన పుండు మానాక కూడా, రోగులు పుండ్లు చూపించుకోవడానికొచ్చే ప్రతి మంగళవారం ఆసుపత్రి వరండాలో కనబడేవాడు. ఇంత బుద్ధిమంతుడైన రోగి ఇంకొకడు లేడని కావ్య గైడ్ దగ్గర మెచ్చుకుంది కూడా.

“మేం ఒక తేనెపట్టు తీస్తే గూడెమంతా పంచుకుంటామమ్మా. నువ్వేమో సగం మందికే ఇస్తాండావు,” అన్నాడు శంకరయ్య. “చీటీ రానోళ్ల ముఖాలు చూడలేకపోతిని. మా ఇంటి తేనె తెచ్చి వాళ్లందరికీ నేనే పోసినా. నువ్వు బాధపడతావని చెప్పలే.”

వాళ్లు తినలేదా అని కావ్య నీరసంగా అడిగింది.

“ఎట్ల తింటారు? పుండుకు పూయకుంటే పై వారం పోయనని చెప్పినా గదా.”

కావ్యకు ఏడుపొచ్చింది. రెండు జట్ల పేర్లు అటుదిటు మార్చేస్తే సరిపోతుంది, కంప్యూటరులో రెండు నిమిషాల పని. గైడ్ సంతోషిస్తారు, పరీక్ష దక్కుతుంది, ఎవరికీ తెలియదు. ఆమె బస్టాండు దాకా ఆ ఆలోచనతోనే నడిచింది. బస్సులో కూర్చున్నాక సిగ్గేసి, జీవరత్నం గారికి ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పేసింది.

“అంటే తేనె పనిచేసింది,” అన్నారాయన. “జరిగింది జరిగినట్టు రాయమ్మా. నీకు కూడికలు వచ్చు.”

ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, నంద్యాల చేరేలోపు ముగింపు అధ్యాయం మొత్తం తిరగరాసింది. శంకరయ్య తేనె, హనుమంతయ్య నిమ్మకాయ నీళ్లతో సహా అంతా రాసి, ఐదుకు పది నిమిషాల ముందు అప్పగించింది.

థీసిస్ పాసయింది. వైవాలో బయటి ఊరి ఎగ్జామినరు దాన్ని మొదటి నుంచి చివరిదాకా తిరగేసి, లెక్కల గురించి ఒక్క ముక్క అడగకుండా, ఆ శంకరయ్య దగ్గర రెండు కిలోల తేనె దొరుకుతుందా అన్నాడు. ఏ పుండుకు సార్ అని కావ్య అడిగితే, చపాతీలోకి అన్నాడు.