టైంటేబుల్ గారింట్లో టైము

ఇంట్లో కూర్చుని ఆఫీసు పని చేసుకుంటూ పసిపిల్లల్ని చూసుకోవడం నరకమని వాపోయేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది. అదృష్టం ఒళ్ళో కూర్చుని జుట్టు పీకుతుంటే గుర్తుపట్టలేకపోతున్నారే అని!

సమయాన్ని ఎలా వాడుకోవాలో నేర్పుతామంటూ ఎన్ని కోర్సులు వచ్చాయో చూడండి. వాటిలో ఒక్కటైనా, ఎడమచేత్తో పాలసీసా పట్టుకుని, కుడిచేత్తో మెయిలు కొడుతూ, మోకాలితో బీరువా తలుపు మూసి ఉంచడం నేర్పిందా? నేర్పలేదు. ఆ విద్య నేర్పగలిగిన గురువులు ఇద్దరే. ఒకరికి రెండేళ్ళు నిండలేదు. ఇంకొకరికి ఐదు.

నమ్మకం కుదరకపోతే మా పక్కింటాయన సంగతి వినండి.

ఆయన సిటీ బస్సుల కంపెనీలో టైంటేబుళ్ళు వేస్తారు. ఏ బస్సు ఏ స్టాపులో ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు ఉండాలో తేల్చేది ఆయనే. అందుకే మా బిల్డింగులో అందరూ టైంటేబుల్ గారంటారు. నాలుగు వందల బస్సులు ఆయన గీసిన గీత దాటవు. కనీసం కాగితం మీద దాటవు.

ఆయన భార్యది అదే కంపెనీలో ఫిర్యాదుల విభాగం. బస్సు రాలేదని ఫోన్లు చేసేవాళ్ళకి జవాబు చెప్పడం ఆవిడ పని. అంటే, భర్త చేసిన పనిని ఊరంతా తిడుతుంటే కూర్చుని వినడానికి కంపెనీ ఆవిడకి జీతమిస్తోందన్నమాట. ఇంతకంటే మంచి ఉద్యోగం ఏ భార్యకైనా దొరుకుతుందా!

ఏడాదిన్నరపాటు ఆవిడ ఇంటి నుంచే పని చేసింది. చెవులకి హెడ్‌సెట్, చంకలో చిన్నోడు, కొంగు పట్టుకుని పెద్దమ్మాయి. టైంటేబుల్ గారు ఆరింటికి ఇంటికొచ్చి, హాల్లో చెల్లాచెదురుగా పడున్న బొమ్మల్ని దాటుకుంటూ, "రోజంతా ఇంట్లోనే ఉంటావు కదా. కాస్త ప్లాన్ చేసుకుంటే అయిపోదూ?" అనేవారు.

"ఊఁ" అనేది ఆవిడ, బట్టలు మడతపెడుతూ.

ఆ 'ఊఁ'కి అర్థమేమిటో కనుక్కునే తీరిక ఆయనకి ఎప్పుడూ దొరకలేదు. టైము అంత పొదుపుగా వాడే మనిషి మరి!

ఇలా ఉండగా ఒకరోజు, బస్సులో గొడుగు మర్చిపోయిన పెద్దమనిషి ఎవరో ఫోనులో మాట్లాడుతుంటే వెనకాల చిన్నోడు ఏడ్చాడు. రెండ్రోజుల్లో ఆవిడకి మెమో వచ్చింది. ఇకమీదట ఆఫీసుకే వచ్చి పని చేయాలని హుకుం. ఆయన ఆ మెమో చదవనైనా లేదు. "సరేలే, ఆఫీసుకే వెళ్ళు. అక్కడైతే ప్రశాంతంగా ఉంటుంది" అన్నారు.

ఆ వారమే టైంటేబుల్ విభాగం సీలింగు కారడం మొదలుపెట్టింది. మరమ్మతులయ్యేదాకా, అంటే మూడు నెలలు, ఇంటి నుంచే పని చేసుకోమన్నారు. పెద్దమ్మాయికి బడి సెలవులు. పిల్లల్ని చూసే కేంద్రంలో ఇప్పట్లో ఖాళీ లేదట.

ఏం ఇబ్బంది? ఇంట్లో సాక్షాత్తూ టైంటేబుల్ గారే ఉంటే!

ఆదివారం మధ్యాహ్నమంతా కూర్చుని ఆయన పిల్లలకి టైంటేబుల్ వేశారు. పాలకి ఆకుపచ్చ, స్నానానికి నీలం, ఆఫీసు పనికి ఎరుపు. ఎనిమిదింటికి పళ్ళు తోముకోవడం. ఎనిమిదీ పదికి బూట్లు. ఒంటిగంట నుంచి మూడున్నర దాకా ఇద్దరికీ నిద్ర. దాన్ని ఫ్రిజ్ మీద అంటించి, ఆవిణ్ణి పిలిచి చూపించారు.

ఆవిడ పైనుంచి కిందిదాకా శ్రద్ధగా చదివింది.

"బాగుందండీ. చిన్నోడికి చదివి వినిపించారా?" అంది.

సోమవారం ఎనిమిదీ పదికి బూట్ల కార్యక్రమం మొదలైంది. తొమ్మిదీ ఇరవైకి ముగిసింది. అప్పటికి ఒక బూటు దొరికింది. అది పక్కింటి పిల్లాడిది. ఎరుపు గడి వచ్చేసింది కదా అని ఆయన కంప్యూటర్ ముందు కూర్చున్నారు. పెద్దమ్మాయి వచ్చి పక్కన నిలబడింది.

"నాన్నా, నువ్వు పని చేస్తున్నావా, కంప్యూటర్ చూస్తున్నావా?"

"పని చేస్తున్నానమ్మా."

"అయితే చేతులు కదలట్లేదేంటి?"

ఏ పై అధికారీ ఆయన్ని ఇంత సూటిగా నిలదీయలేదు. చెప్పండి, ఇలాంటి ఇన్‌స్పెక్టరు ఆఫీసులో దొరుకుతారా?

పదకొండింటికి మీటింగు. తెర మీద డైరెక్టరు గారితో కలిపి పన్నెండు తలకాయలు. సాయంత్రం రద్దీ గురించి టైంటేబుల్ గారు గంభీరంగా వివరిస్తుండగా తలుపు ధడాలున తెరుచుకుంది.

"నాన్నా! తమ్ముడు నీ చెప్పులో చేసేశాడు!"

అయిపోయింది, ఉద్యోగం ఊడింది అనుకున్నారాయన. పన్నెండు తలకాయలూ ఒక్క క్షణం బిగుసుకుపోయాయి. తర్వాత డైరెక్టరు గారు పకపకా నవ్వారు.

"అబ్బబ్బ, ఎంత ముద్దుగా ఉందండీ! పిల్లల్ని కూడా మీరే చూసుకుంటున్నారా? గ్రేట్! మీలాంటి తండ్రి దొరకడం వాళ్ళ అదృష్టం. వెళ్ళండి, వెళ్ళి చూసి రండి. మేం ఆగుతాం."

ఎనిమిదేళ్ళుగా నాలుగు వందల బస్సుల్ని నడిపిస్తుంటే రాని మెచ్చుకోలు, ఒక్క చెప్పు పాడైతే వచ్చింది!

ఆ రోజు సాయంత్రం ఆవిడ ఇంటికొచ్చేసరికి టైంటేబుల్ గారు నేలమీద గోడకానుకుని కూర్చుని ఉన్నారు. చొక్కా మీద అరటిపండు. ఫ్రిజ్ మీది టైంటేబుల్ సగం చిన్నోడి నోట్లో.

"ఒక్క పనీ కాలేదు" అన్నారాయన.

ఆవిడ బొమ్మల్ని చూసింది, ఆయన్ని చూసింది. అనాల్సిన మాట నాలుక చివరే ఉంది. ఏడాదిన్నరగా విన్నదే, కొత్తగా వెతుక్కోనక్కర్లేదు. అయినా అనలేదు.

"ఏమైనా తిన్నారా?" అని అడిగింది.

తినలేదన్న సంగతి ఆయనకి అప్పుడే గుర్తొచ్చింది. ఈ ప్రశ్న తను ఆవిణ్ణి ఎప్పుడైనా అడిగానా అని చాలాసేపు ఆలోచించుకున్నారు. అడిగినట్టు గుర్తుకు రాలేదు.

నెల తిరిగేసరికి ఆయన చేయి తిరిగింది. ఫోన్లన్నీ స్నానాలగదిలో నిలబడి మాట్లాడేవారు. చిన్నోడు నిద్రపోయిన ఇరవై నిమిషాల్లో మూడు గంటల పని లాగించేసేవారు. పెద్దమ్మాయి చేతిలో గడియారం పట్టుకుని, "నీకు ఐదు నిమిషాలు ఇస్తున్నా. తర్వాత నా బొమ్మకి జ్వరం చూడాలి" అనేది. ఆయన ఐదు నిమిషాల్లో ముగించేవారు! ఆఫీసులో అయితే అంతసేపూ కుర్చీ సర్దుకోవడానికే సరిపోయేది. ఇది వరం కాకపోతే ఇంకేమిటి?

ఇక పదిహేడో నంబరు రూటు సంగతి.

ఆ రూటుకి కొత్త టైంటేబుల్ గురువారం నాలుగింటికల్లా పంపాలి. ఆ రోజు చిన్నోడు నిద్రపోనని మొండికేశాడు. చేసేదిలేక ఆయన వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఒంటిచేత్తో పని కానిచ్చారు. నాలుగింటికి రెండు నిమిషాలుందనగా, పెద్దమ్మాయి వంటింట్లోంచి "నాన్నా, నీళ్ళు!" అని కేకేసింది. ఆయన తల అటు తిప్పారు. ఆ ఒక్క క్షణంలో చిన్నోడు రెండు చేతులతో కీబోర్డుని వాయించేశాడు. ఆయన చూసుకోలేదు. గబగబా పంపే బటన్ నొక్కి, వరద ఆపడానికి వంటింట్లోకి పరిగెత్తారు.

సోమవారం ఉదయం ఏడూ నలభైకి పదిహేడో నంబరు బస్సులు పదకొండూ డిపోలోంచి ఒకదాని వెనక ఒకటి పెళ్ళి ఊరేగింపులా బయల్దేరాయి. మొదటి బస్సులో జనం కిటకిట. తక్కిన పదింట్లో డ్రైవర్లు, కండక్టర్లు. ఆ తర్వాత రెండున్నర గంటలు ఆ దారిన బస్సన్నది లేదు.

ఆ ఫోన్లన్నీ ఎవరికి వెళ్ళాయో వేరే చెప్పాలా? పదిన్నర లోపల ఆవిడ నూటపన్నెండు మందికి క్షమాపణ చెప్పింది. పరీక్షకి ఆలస్యమైన పిల్ల ఒకతి ఫోనులోనే బావురుమంది. ఆ పిల్లని ఊరుకోబెట్టి, పరీక్ష జరిగే చోటికి తనే ఫోను చేసి లోపలికి రానివ్వమని బతిమాలుకుని, అప్పుడు ఇంటికి ఫోను చేసింది.

"ఏమండీ, చిన్నోడు పదిహేడో నంబరు మీద కూర్చున్నాడా?"

ఆయన ఫైలు తెరిచి చూశారు. పదకొండు బస్సులకీ ఒకే టైము పడింది.

"మీరే వెళ్ళి చెప్పండి. ఎవరో పట్టుకునేదాకా ఆగకండి" అందావిడ.

ఆయన చెప్పారు. తెర మీద డైరెక్టరు గారి ముందు కూర్చుని, ఒళ్ళో పిల్లాడు, ఒక్క క్షణం, రెండు చేతులు అంటూ ఉన్నదున్నట్టు ఒప్పుకున్నారు. తప్పు నాదే సార్ అన్నారు.

డైరెక్టరు గారు కళ్ళు తుడుచుకున్నారు. నవ్వు వల్లనో, కరుణ వల్లనో తెలియదు.

"పిల్లలున్న ఇల్లు కదండీ, అలాంటివి జరుగుతుంటాయి! నిజం ఒప్పుకున్నారు చూడండి, అది గొప్ప. ఇంటినీ ఆఫీసునీ ఇలా ఒంటిచేత్తో నెట్టుకురావడమంటే మాటలా? మీ గురించి అందరికీ తెలియాలి."

శుక్రవారానికల్లా సర్టిఫికెట్ వచ్చింది. బంగారు అంచు. 'ఆదర్శ తండ్రి, ఆదర్శ ఉద్యోగి' అని రెండు రంగుల్లో.

"ఎక్కడ తగిలిద్దాం?" అని అడిగిందావిడ. నవ్వకుండానే అడిగింది.

ఆయనకి సిగ్గేసింది. దాన్ని కాగితాల సొరుగులో అడుక్కి తోసేద్దామని తెరిస్తే, అడుగున ఆవిడ మెమో కనిపించింది. నిలబడి, మొదటిసారి చదివారు. 'గృహ సంబంధమైన శబ్దం ప్రయాణికుని చెవిన పడినది. వ్యవధి: పదకొండు సెకన్లు. ఇది బాధ్యతారాహిత్యముగా భావించడమైనది.'

పదకొండు సెకన్లు! ఎవరో స్టాప్‌వాచ్ పెట్టుకుని మరీ కొలిచారు.

సోమవారం పొద్దున్నే ఆయన స్నానాలగదిలోకి వెళ్ళి ఫిర్యాదుల విభాగానికి ఫోను చేశారు. మామూలు ప్రయాణికులు చేసే నంబరుకే. ఆ లైనులో వచ్చిన ప్రతి ఫిర్యాదుకీ ఏడు రోజుల్లో డైరెక్టరు గారి సంతకంతో జవాబివ్వాలని కంపెనీ నియమం. ఉద్యోగులు పెట్టుకునే అర్జీలకి అలాంటి నియమం లేదు.

"నమస్కారం, ఫిర్యాదుల విభాగం. మీ కాల్ రికార్డవుతోంది. చెప్పండి."

"నేను... ఒక ప్రయాణికుణ్ణి."

అవతలి గొంతు ఆవిడదే.

"ఏ రూటు ప్రయాణికులండీ?"

"పదిహేడు. మీ కంపెనీలో బిడ్డ పదకొండు సెకన్లు ఏడ్చాడని ఒకావిడకి మెమో ఇచ్చారు. ఒకాయన పదకొండు బస్సుల్ని ఒకేసారి వదిలితే సర్టిఫికెట్ ఇచ్చారు. ఇదేం లెక్కో నాకు రాతపూర్వకంగా చెప్పాలి."

"ఆ మెమో సంగతి మీకెప్పుడు తెలిసిందండీ?"

"మొన్న శుక్రవారం చదివాను."

"వచ్చి రెండు నెలలైంది కదండీ?"

"టైము దొరకలేదు."

కీబోర్డు టకటకలు వినిపించాయి. కాస్త నెమ్మదిగానే.

"రాసుకున్నానండీ. ఇంకేమైనా ఉందా?"

"ఆవిడ భర్త మీద కూడా ఒకటి రాసుకోండి."

"అది మా పరిధిలోకి రాదండీ. ఆయన సంగతి ఇంట్లో చూసుకుంటారు" అని, "ఫోను చేసినందుకు ధన్యవాదాలు" అంది. ఆ లైనులో అందరికీ చెప్పే మాటే. ఆ రోజు మాత్రం ఫోను పెట్టేయడానికి ఆవిడకి కొంచెంసేపు పట్టింది.

ఏడో రోజున జవాబొచ్చింది. మెమో వెనక్కి తీసుకున్నారు. ఆవిడ కూడా ఇంటి నుంచి పని చేసుకోవచ్చన్నారు. దంపతులిద్దరూ వారం వారం వంతులు వేసుకున్నారు. ఆయన వంతు ఆఫీసైనప్పుడు, అక్కడ సీలింగు మరమ్మతు ఇంకా కాలేదు కాబట్టి, ఆఫీసు వరండాలో ఒక బల్ల వేయించుకుని కూర్చునేవారు. ఇంటికొస్తూనే "తిన్నావా?" అని అడిగేవారు. బొమ్మల్ని దాటుకుంటూ కాదు, ఏరుతూ.

న్యాయం జరిగిందని మీరూ నాలాగే చప్పట్లు కొట్టబోతున్నారు కదూ? కాస్త ఆగండి.

మొన్న బుధవారం కంపెనీలో అన్ని విభాగాలకీ కలిపి మీటింగు. ఆ వారం ఇంటి వంతు ఆవిడది, కాబట్టి ఇంటి నుంచి చేరింది. నూటపన్నెండు ఫోన్ల రోజున ప్రయాణికులు ఏమేం అన్నారో, మళ్ళీ అలా జరగకుండా ఏం చేయాలో చక్కగా విడమర్చి చెబుతోంది. ఇంతలో తలుపు తెరుచుకుంది.

"అమ్మా! తమ్ముడు టూత్‌పేస్టు తినేస్తున్నాడు!"

డైరెక్టరు గారి మొహంలో నవ్వు లేదు. "ఏంటమ్మా ఇది? మీటింగు టైముకైనా కాస్త చూసుకోవాలి కదా" అన్నారు. అని, తల అటూ ఇటూ ఆడిస్తూ, పక్కవాళ్ళతో అన్నారు కదా:

"పాపం, ఇలాంటి ఇంట్లో ఆయన ఒక్కడూ ఎలా నెట్టుకొచ్చాడో! మహానుభావుడు!"

అందరూ అవునవునని తలలూపారు. వరండాలో బల్ల దగ్గర కూర్చున్న మహానుభావుడు "సార్, అది కాదు..." అని లేవబోయారు. "మీ వినయం మాకు తెలుసు లెండి" అని కూర్చోబెట్టారు.

ఆవిడ తొణకలేదు. మైకు ఆపి, ఒక్క మాట అంది. తెర మీద ఉన్నవాళ్ళెవరికీ వినపడలేదు.

పెద్దమ్మాయికి మాత్రం స్పష్టంగా వినపడింది. ఆ సాయంత్రం దాకా ఇల్లంతా తిరుగుతూ, ఆ మాటని తమ్ముడికి ఓపిగ్గా నేర్పిస్తూనే ఉంది.