రెండు టీ కప్పులపై కమిటీ నివేదిక

మా వీధి కళ్ళజోళ్ళ షాపులోని ఇద్దరు మిత్రుల స్నేహాన్ని కాపాడే నిమిత్తం ఏర్పడిన కమిటీ తన బాధ్యతను జయప్రదంగా ముగించిందని, కార్యదర్శి హోదాలో తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. స్నేహం ఏమైందన్న చిన్న విషయం తర్వాత చెబుతాను.

షాపు ముందు గదిలో కళ్ళు పరీక్ష చేసేవాడు కళ్ళాయన. వెనక గదిలో అద్దాలు అరగదీసి ఫ్రేములో బిగించేవాడు అద్దాలాయన. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే మేష్టారి చేత చెవులు మెలిపెట్టించుకున్నవాళ్ళు. రెండు గదుల మధ్య గోడకి ఒక కిటికీ ఉంది. కళ్ళాయన అందులోంచి నంబరు కేకేస్తాడు, అద్దాలాయన అద్దం తీస్తాడు. మధ్యాహ్నం ఆ కిటికీలోంచే టీ కప్పు కూడా వెళుతుంది. షాపు నడిచేదంతా ఆ కిటికీ మీదే.

ఒకానొక శుభోదయాన అద్దాలాయన వీగన్ అయ్యాడు. పాలు, పెరుగు, గుడ్డు, తేనె అన్నీ బంద్. మానేస్తే మానేశాడు, ఎవరి సొమ్మేం పోయింది? కానీ సోషల్ మీడియాలో ప్రకటించాడు. "పాలు తాగడమంటే దూడ నోటి దగ్గరది లాక్కోవడమే" అని రాశాడు. కళ్ళాయన ఊరుకుంటాడా? ఆమ్లెట్ ఫొటో పెట్టి, "ముందు నీ తోలు బెల్టు విప్పి మాట్లాడరా" అన్నాడు. అద్దాలాయన విప్పేశాడు. ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని ఇంకో చేత్తో అద్దాలు బిగించే మహానుభావుణ్ణి చూడటానికి జనం విరగబడి వచ్చారు. ఒక్కరూ కళ్ళజోడు కొనలేదు.

మా కమిటీ పుట్టింది అప్పుడే. ఒకరి పోస్టు ఇంకొకరి కంట పడలేదేమోనని స్క్రీన్‌షాట్లు తీసి స్వయంగా అందజేశాం. "నా నోటితో నేను చెప్పకూడదు గానీ" అని మొదలుపెట్టి అంతా చెప్పాం. పక్షపాతం లేకుండా ఇద్దరికీ లైకులు కొట్టాం. అధ్యక్షులవారు సభలో గొంతు సవరించుకుని, "స్నేహం అమరం! అయితే తప్పెవరిదో ముందు తేలాలి!" అని సెలవిచ్చారు. చప్పట్లతో హాలు దద్దరిల్లింది.

కిటికీ మూతపడింది. మాటల్లేవు, టీ లేదు. పని మాత్రం ఆగకూడదు కదా, అందుకని కళ్ళాయన నంబర్లని అద్దాలాయన పోస్టు కింద కామెంట్లుగా రాయసాగాడు. "కుడి మైనస్ రెండు, ఎడమ మైనస్ మూడు" అని రాస్తే, అదేదో ఘాటైన విమర్శ అనుకుని జనం లైకుల వర్షం కురిపించారు. లైకులు ఎక్కువొచ్చిన కామెంటు పైకెక్కుతుంది. పైనున్న నంబరునే అద్దాలాయన ముందు తయారుచేసి, వరసలో ముందున్నవాళ్ళకి ఇచ్చేశాడు. ఆ విధంగా ఒక టీచరమ్మ అద్దాలు సిటీ బస్సు డ్రైవరుకి వెళ్ళాయి. మర్నాడు బస్సు స్టాపులో ఆగకుండా వచ్చి షాపు మెట్ల మీద ఆగింది. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు.

కౌంటర్లో కూర్చునే అద్దాలాయన భార్య లేచింది. "అన్నయ్యా, మీరేం తింటారో, ఈయన ఏం మానేశాడో నాకనవసరం. ఇవాళ మెట్ల దాకా వచ్చింది, రేపు లోపలికే వస్తుంది. ఫోన్లు ఇలా ఇవ్వండి!" రెండు ఫోన్లూ విరిగిన ఫ్రేముల సొరుగులో పడేసి, కిటికీ తెరిచింది.

కళ్ళాయన కిటికీలోంచి తల పెట్టాడు.

"ఒరేయ్, టీ తాగుతావా?" అన్నాడు కళ్ళాయన.

"తాగుతా. నీ కేక వినబడక ఈ గదిలో పిచ్చెక్కిపోయిందిరా," అని అద్దాలాయన బావురుమన్నాడు.

ఏ టీ అని అతను అడగలేదు. ఇతను చెప్పలేదు.

మూతలున్న రెండు కప్పులు పట్టుకుని ఇద్దరూ నవ్వుతుంటే ఆవిడ తన ఫోన్లో ఫొటో తీసి, "మేం బాగున్నాం" అని పెట్టింది. దేశం అట్టుడికిపోయింది. అందులో పాలుంటే ద్రోహమని ఒక వర్గం, లేకపోతే లొంగుబాటని ఇంకో వర్గం. మూతల కింద ఏముందో తేల్చడానికి మేం ఉపసంఘం వేశాం. ఆవిడ చీపురు చూపించడంతో, కాపాడాల్సిన తగాదా ఏదీ మిగలనందున, కమిటీని తీవ్ర విచారంతో రద్దు చేశాం.

ఆ ఇద్దరూ ఇదేమీ చూడలేదు. ఫోన్లు ఇంకా సొరుగులోనే ఉన్నాయి, టీ రోజూ వెళుతూనే ఉంది. స్నేహం నిలబడిందని ఇంత వివరంగా రాశాను. అయినా నాకు తెలియదా, మీరిప్పుడు నన్ను అడగబోయేది ఒక్కటే.

పాలున్నాయా, లేవా?